విదేశంలో ఉన్న ఊరిని వదిలి ఫ్యామిలీతో వచ్చేసేటప్పుడు నిజంగా అంత బాధ అనిపిస్తుందా?

అనిపిస్తుందండి. మాది తణుకు. 2009లో పెళ్ళయిన మూడు నెలలకి ఒమన్ రాజధాని మస్కట్ వెళ్ళాను, 2018 జూన్‌లో ఇద్దరు పిల్లలతో వీసాలు క్యాన్సిల్ చేసుకుని వచ్చేశాం. అత్తారింటికి వెళ్ళిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

అలాగని వెళ్ళగానే నచ్చేసిన ఊరు కాదు అది. మొదటి నాలుగేళ్ళు అస్సలు నచ్చలేదు. ఎటు చూసినా గడ్డిపోచ కూడా లేని గోధుమరంగు రాతి కొండలు, జూన్‌లో బాల్కనీ తలుపు తీస్తే పొయ్యి ముందు ముఖం పెట్టినట్టు ఉండేది. దానికి తోడు ప్రతిదానికీ లెక్క. అప్పట్లో రియాల్ 125 రూపాయల దగ్గర ఉండేది, కింద మలయాళీ వాళ్ళ షాపులో చాయ్ 100 బైసాలు (వెయ్యి బైసాలైతే ఒక రియాల్), అంటే పన్నెండు రూపాయల పైనే, తణుకులో నాలుగు రూపాయలకే వస్తుంది కదా అని తాగకుండా పైకి వచ్చేసేవాళ్ళం. గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామంది ఇలాగే బతుకుతారు. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని మంచి కంచాలు కూడా కొనుక్కోరు, రైల్వే స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు, అలా ఇరవై ఏళ్ళు కూర్చున్నవాళ్ళని కూడా చూశాను నేను. ఇది చాలా తప్పండి, నా మాట వినండి, ఎక్కడున్నా ఆ ఊళ్ళో మనస్ఫూర్తిగా ఉండాలి.

ఎప్పుడు మారిందో చెప్పలేను. పాప పుట్టాక శుక్రవారం సాయంత్రాలు మత్రా అనే పాత రేవు దగ్గర సముద్రం ఒడ్డు రోడ్డుకి, అంటే కార్నిష్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాం, ఒకపక్క సముద్రం, ఇంకోపక్క తెల్లటి పాత ఇళ్ళు, వాటి వెనకే కొండలు, దూరంగా రియామ్ దగ్గర కొండ మీద ఆ పెద్ద సాంబ్రాణి ధూపం గిన్నె కట్టడం. మేం ఉండేది మస్కట్‌లోనే రూవీ అనే ఏరియాలో. సెలవు రోజు రూవీ వీధుల్లోకి వెళ్తే, ఇళ్ళల్లో పనిచేసే కోనసీమ ఆడవాళ్ళు గుంపుగా మాట్లాడుకుంటూ కనిపించేవారు, ఆ యాస వినడానికే నేను కూరగాయల కొట్టు దగ్గర ఊరికే నిలబడేదాన్ని. అప్పట్లో నవంబర్ 18 వాళ్ళ నేషనల్ డే, రోడ్లన్నీ ఎరుపు తెలుపు ఆకుపచ్చ లైట్లతో వెలిగిపోయేవి. 2011లో పుట్టిన మా పాప ఆ లైట్లు తన పుట్టినరోజు కోసమే పెడతారని చాలా రోజులు నమ్మింది, తనది కూడా నవంబరే.

అసలు చెప్పాలనుకున్నది చివరి శుక్రవారం గురించి. ఇల్లంతా ఖాళీ, మంచాలు అమ్మేశాం, పరుపులు నేల మీద. ఆ సాయంత్రం మత్రా సూక్‌కి, అంటే అక్కడి పాత బజారుకి వెళ్ళాం. అక్కడ ఒక తాతగారు లుబాన్ అమ్మేవారు. లుబాన్ అంటే మన సాంబ్రాణి లాగే చెట్టు బంక, సలాలా వైపు ధోఫార్‌లో ఆ చెట్లు ఉంటాయి, కాలిస్తే నిమ్మతొక్క కలిసినట్టు వాసన వస్తుంది. మంచి రకం రాత్రి నీళ్ళలో వేసి పొద్దున ఆ నీళ్ళు తాగుతారు కూడా. నేను ఎప్పుడూ కొంచెం కొంచెం కొనేదాన్ని. ఒమానీ పెద్దవాళ్ళు చాలామందికి హిందీ వచ్చు కాబట్టి ఆయనతో నాకు బానే మాటలు నడిచేవి. ఆ రోజు అరకిలో అడిగితే ఇంత ఎందుకమ్మా అన్నారు. ఇండియా వెళ్ళిపోతున్నాం అన్నాను. "ఖలాస్?" అన్నారు, అంటే అయిపోయిందా అని. ఖలాస్ అన్నాను. ఆయన తూకం ఆపేసి, ఫ్లాస్క్ తీసి మా ఆయనకి ఖావా, అంటే వాళ్ళ కాఫీ పోశారు.

అక్కడ ఒక పద్ధతి ఉందండి, ఖావా చాలు అనుకుంటే ఆ చిన్న కప్పుని అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. తొమ్మిదేళ్ళున్నాం, ఆ సంగతి మా ఆయనకి బాగా తెలుసు. రెండోది తాగారు, ఊపలేదు. మూడోది తాగారు. బాబు నా భుజం మీద నిద్రపోయాడు, వెనక ఎవరో టూరిస్టులు వచ్చి నిలబడ్డారు, ఆ తాతగారు వాళ్ళని చూడను కూడా చూడలేదు, మళ్ళీ పోశారు. ఒకప్పుడు ప్రతిదానికీ 125తో గుణించిన మనిషి, అలా కప్పు పట్టుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయారు. పాప రంగులేసిన మట్టి ధూపం గిన్నె ఒకటి పట్టుకొచ్చి ఇది కావాలి అంది, సామాన్లలో పగిలిపోతుందని నేను అంటుంటే మా ఆయన ధర అడక్కుండా డబ్బులు తీసి ఇచ్చేశారు. ఐదో కప్పు తాగాక ఊపారు, చాలా మెల్లగా.

ఆ గిన్నెని తువ్వాల్లో చుట్టి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు, ఒక మూల మాత్రమే కొంచెం పెచ్చు ఊడింది.

ఇక్కడికొచ్చాక చుట్టాల్లో ఒక్కరంటే ఒక్కరు ఆ ఊరెలా ఉండేదని అడగలేదు. బంగారం ఎంత తెచ్చారు, నాకు ఫోన్ తెచ్చారా, ఎడారిలో ఏముంటుందిలే, ఇవే. చాలా కోపం వచ్చింది నాకు. తొమ్మిదేళ్ళు మనం ఎక్కడ తిన్నాం, ఎవరు మనకి మంచి చేశారు అనేది ఎవరికీ అక్కర్లేదా? పైగా స్కూల్లో పాపకి తెలుగు రాయడం రాదని ఒక క్లాసు తగ్గిస్తామన్నారు, ఆరున్నరేళ్ళ పిల్లకి ఆరు నెలలు నేర్పిస్తే రాదా ఏంటి. ఇంట్లో నేనే నేర్పాను, వచ్చేసింది.

తణుకులో కాకుండా వైజాగ్‌లో ఇల్లు తీసుకున్నాం. ఉద్యోగం కోసం అని అందరికీ చెప్పాం కానీ, కొండా సముద్రం పక్కపక్కనే ఉన్న ఊరు కావాలని మా ఆయన ముందే అనుకున్నారు. వచ్చిన కొత్తలో సింహాచలం వెళ్ళాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పాప కిటికీకి అతుక్కుపోయి చూస్తోంది. మస్కట్‌లో రోడ్డు పక్కన ప్రతి మొక్క మొదట్లో సన్నటి నీళ్ళ పైపు ఉంటుంది, అది లేకుండా పెరిగిన చెట్టు తను ఎక్కువ చూడలేదు. "అమ్మా, కొండ మీద ఇన్ని చెట్లెవరు నాటారు? పైపులేవీ?" అని అడిగింది. మా ఆయన బండి పక్కకి ఆపి, కాసేపు మళ్ళీ స్టార్ట్ చేయలేదు.