ఆ ఐదు దరఖాస్తులూ పంపే ముందు

చిరంజీవి భారతికి, చిన్నాయన ఆశీస్సులు.

కరోనా కాలంలో మన కర్నూలు జిల్లా వృద్ధాశ్రమాల గురించి ఎవరు ఏ ఉత్తర్వు ఇచ్చినారో, ఎంతమంది పెద్దోళ్లు పోయినారో సమాచార హక్కు కింద అడుగుతానని పట్టుబట్టినావంట. మీ నాయన ఫోన్లో సగం గొప్పగా, సగం బెదురుగా చెప్పినాడు. నాకూ అట్లే ఉంది, కానీ నా భయం వేరు. నిన్నెవరో ఏదో చేస్తారని కాదు. నువ్వు అడిగే తీరు సరిగా లేకుంటే తప్పు చివరికి ఆశ్రమంలో పక్కబట్టలు ఉతికే ఆయా మీద పడుతుంది. సంతకం చేసినాయప్ప హాయిగా ఉంటాడు.

సులువైనవి ముందు. తెల్లకాగితం, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, పేరు, చిరునామా, సంతకం. ఎందుకు కావాలో రాయొద్దు, చట్టమే అక్కర్లేదంటుంది. ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాలు సెక్షన్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో. సోమవారం జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో మాత్రం ఇవ్వద్దు. అక్కడ ఇచ్చేది అర్జీ అవుతుంది, దానికి 30 రోజుల గడువు పట్టదు.

అన్నీ ఒకే కాగితంలో కుక్కినావని మీ నాయన చదివి వినిపించినాడు. ఏం చదువుకున్నావే తల్లీ! ఏ కాగితం ఏ ఆఫీసులో పుడుతుందో చూసుకోవద్దా? జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ సమావేశాల మినిట్స్ కలెక్టరేట్‌లో ఉంటాయి. ఆశ్రమాల జాబితా, తనిఖీ నివేదికలు వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల దగ్గర. పరీక్షలు, టీకా శిబిరాల తేదీలు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) దగ్గర. చేర్పులు, డిశ్చార్జీలు పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ దగ్గర. మరణాల నమోదు కార్పొరేషన్‌లో, పంచాయతీల్లో. ఆఫీసుకొకటి రాయి.

ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. నువ్వు అడిగే కాలంలో అంతా ఒకటే కర్నూలు. నంద్యాల వైపు ఆశ్రమాల ఫైళ్లు అటు పోయినాయో ఇక్కడే ఉన్నాయో వాళ్లకే సరిగా తెలియకపోవచ్చు. అందుకని ప్రతి దరఖాస్తు చివర "మీ వద్ద లేనిది సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయగలరు" అని రాయి. ఫైలు దొరకలేదంటే రికార్డు గది రిజిస్టర్‌లో ఆ ఫైలు ఎట్లా మూసినారో అడుగు. ఎన్నాళ్లు దాచాలో చెప్పే గుర్తు ఒకటి వేస్తారు; ఎల్‌డిస్ కింద మూసిందైతే కొన్నాళ్లకే తీసేస్తారు, డీడిస్ పదేళ్లు ఉంటుంది, ఆర్‌డిస్ ఎప్పటికీ ఉంటుంది. నాశనం చేసినామంటే, నాశనం చేసిన జాబితా నకలు కావాలను. 2009 వరదలో తడిసిపోయినాయనే మాట మన ఊర్లో చానా ఏళ్లు నడిచింది. 2020 ఫైళ్లకు అది పనికిరాదు.

"వృద్ధులను ఎందుకు పట్టించుకోలేదు?" అని రాసినావంట. ఆ ప్రశ్నకు జవాబు రాదు. ఈ చట్టం కాగితం మీద ఉన్నదాన్ని ఇప్పిస్తుందే గానీ అధికారి మనసులో ఉన్నదాన్ని కాదు. "2020 మార్చి 1 నుంచి 2021 జూన్ 30 వరకు వృద్ధాశ్రమాలకు సంబంధించిన ఉత్తర్వులు, ప్రొసీడింగ్స్, వాటి నోట్ ఫైలు, కరెంట్ ఫైలు నకళ్లు" అని అడుగు. నోట్ ఫైలు మరువొద్దు. ఉత్తర్వు కరెంట్ ఫైల్లో ఉంటుంది, ఆ ఉత్తర్వుకు ముందు ఎవరు ఏం రాసినారో నోట్ ఫైల్లోనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 27న హైకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది ఇట్లాంటి కాగితాల మీదే. ఆసుపత్రుల నుంచి పెద్దోళ్లను పరీక్ష లేకుండా సంరక్షణ గృహాలకు పంపినప్పుడు, లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా రోగం అంటుకునే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు రికార్డుల్లో కనపడలేదు. కేసు వేసింది తండ్రులను పోగొట్టుకున్న ఇద్దరు కూతుళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. దీని గురించి ఎక్కువ రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

న్యూయార్క్ రాష్ట్రంలో 2020 మార్చి 25న ఆరోగ్య శాఖ, పెద్దోళ్లను ఉంచుకుని చూసే కేంద్రాలకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. కరోనా ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ కాదనొద్దు, చేర్చుకునే ముందు పరీక్ష అడగొద్దు అని. మే 10న వెనక్కి తగ్గినారు. జులైలో ఆ శాఖే నివేదిక రాసుకుని, రోగం లోపలికి తెచ్చింది మా ఉత్తర్వు కాదు, పనిచేసే సిబ్బంది అనింది. చూసినావా, తప్పు ఎంత సులువుగా కిందికి జారుతుందో! మరణాల లెక్కలో కూడా కేంద్రం గోడల లోపల పోయినవాళ్లే ఉన్నారు. రోగం ముదిరి ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ పోయినవాళ్లు ఈ లెక్కలోకి రాలేదు. ఎంపైర్ సెంటర్ అనే సంస్థ 2020 ఆగస్టులో అక్కడి సమాచార చట్టం కింద అడిగింది, ఇవ్వకుంటే కోర్టుకెక్కింది. 2021 జనవరి 28న రాష్ట్ర అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ నివేదిక ఆ లెక్క తక్కువగా ఉందని బయటపెట్టింది. అప్పటిదాకా 8,500 చిల్లర ఉన్న సంఖ్య, ఆసుపత్రిలో పోయినవాళ్లను కలిపేసరికి 12,700 దాటింది. కొన్ని రోజులకే కోర్టు కూడా వివరాలు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ తేడా అంతా "ఎక్కడ పోయినారు" అన్న గడిలోనే ఉంది.

ఆ గడి మన దగ్గరా ఉంది. ఏ పల్లె ఆశ్రమంలోనో జ్వరమొస్తే 108లో పెద్దాసుపత్రికి తెస్తారు. అక్కడ పోతే మరణం నమోదయ్యేది కర్నూలు కార్పొరేషన్‌లో, ఆశ్రమమున్న పంచాయతీలో కాదు. ఇక నువ్వు "వృద్ధాశ్రమాల్లో ఎన్ని కోవిడ్ మరణాలు?" అని అడిగితే "శూన్యం" అని రాసిస్తారు, అబద్ధం కూడా కాదు. కాబట్టి "ఆశ్రమాల్లో నివాసముంటూ, ఎక్కడ మరణించినా" అనే మాట తప్పకుండా పెట్టు. 2021 సెప్టెంబరు 3 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కరోనా ఉన్నట్టు తేలిన పరీక్ష జరిగిన 30 రోజుల్లోపు పోతే, ఆసుపత్రి బయట పోయినా కోవిడ్ మరణమే. విషం, ఆత్మహత్య, ప్రమాదం లాంటివి మినహాయింపు. ఆ నిర్వచనం ప్రకారమే లెక్క అడుగు. అప్పుడు కూడా నమ్మకం లేకుంటే ప్రతి ఆశ్రమంలో ప్రతి నెలాఖరుకు ఎంతమంది ఉన్నారో, కొత్తగా ఎందరు చేరినారో, ఇంటికి ఎందరు పోయినారో అడుగు. గ్రాంటు తీసుకునే ఆశ్రమాలు ఈ వివరాలు పైకి పంపే ఉంటాయి. కూడి, తీసేసి చూడు. లెక్కకు రానివాళ్లు అక్కడ బయటపడతారు.

పేర్లు మాత్రం అడగొద్దు. వ్యక్తిగత సమాచారమని మొత్తం కాగితాన్నే ఆపేస్తారు. వయసు, ఆడా మగా, తేదీ, ఆశ్రమం, చనిపోయిన చోటు చాలు. "సెక్షన్ 10 కింద పేర్లు తీసేసి మిగతాది ఇవ్వగలరు" అని నువ్వే ముందుగా రాసెయ్.

రెండు కాగితాలు ప్రత్యేకంగా తెప్పించు. ఒకటి, పెద్దోళ్లకు పింఛను, మందులు, మాస్కులు అందించమని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 4న చెప్పిన దాన్ని మన జిల్లాలో ఎట్లా అమలు చేసినారనేది. రెండోది టీకా. 60 దాటినవాళ్లకు 2021 మార్చి 1న మొదలైంది, ఇళ్ల దగ్గరికే, ఆశ్రమాల దగ్గరికే శిబిరం తేవాలన్న కేంద్ర మార్గదర్శకాలు మే 27న వచ్చినాయి. రెండో అల చంపింది ఆ మధ్యలోనే. మంచం దిగలేనోళ్లకు ఆ మూడు నెలలు ఎవరు ఏం చేసినారో ఆశ్రమం వారీగా తేదీలు కావాలి.

ఆశ్రమాలకు పోయి గొడవ పెట్టుకోవద్దు భారతీ. అక్కడ ఇంకా పెద్దోళ్లు ఉన్నారు, నువ్వు వచ్చేసినాక వాళ్లు అక్కడే ఉండాల. ఆయాలు ఎంతమంది, ఒక్కొక్కరు ఎందరిని చూసినారు, మాస్కులు ఎన్ని ఇచ్చినారు అనేది కూడా ఆఫీసునే అడుగు. వాళ్ల తరఫున మాట్లాడే కాగితం ఏదన్నా ఉంటే అదే.

గడువులు గోడ మీద రాసి పెట్టుకో. 30 రోజుల్లో జవాబు రాకుంటే నిరాకరించినట్టే, అక్కడినుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టు. అది పంపిన రోజు నుంచి నువ్వు కట్టే రోజు దాకా వాళ్ల 30 రోజులు ఆగిపోతాయి. గడువు దాటినాక ఇస్తే మాత్రం ఉచితంగానే ఇవ్వాల, డబ్బులు కట్టొద్దు.

ఆ ఒక్క కాగితాన్ని ఐదు దరఖాస్తులుగా తిరగరాసి ఫొటోలు పంపు. నేను చూసేదాకా పోస్టు చెయ్యొద్దు. ఎండలో కలెక్టరేట్‌కు నడిచి పోవద్దు, ఆటో డబ్బులు నేనిస్తా.

మీ చిన్నాయన