కడప నుంచి రాజమండ్రికి ఎగిరొచ్చే మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా, ఆశీస్సులు.

కడప ఎయిర్‌పోర్టుకీ రాజమండ్రి ఎయిర్‌పోర్టున్న మన మధురపూడికీ మధ్య దూరం 435 కిలోమీటర్లే, ఫ్లైట్ అయితే అరగంట అని నెట్‌లో చూశావట. పెళ్లి రోజు పొద్దున బయల్దేరినా భోజనాల వేళకి దిగుతానన్నావని మీ అమ్మ చెప్పింది. లెక్క తప్పు కాదు గానీ, అది మ్యాపు మీద గీసిన గీత లెక్క. దాన్ని గంటకి 800 కిలోమీటర్లు పోయే పెద్ద జెట్‌తో భాగించారు. మన చిన్న ఊళ్లకి వచ్చేది ఎక్కువగా ఏటీఆర్, రెక్కలకి ఫ్యాన్లు తిరిగే విమానం. దాని వేగం దాదాపు 500. పైకి లేవడానికీ దిగడానికీ పట్టేది కూడా కలిపితే, నేరుగా వచ్చినా గంటంపావు.

నేరుగా వస్తే కదా! హైదరాబాద్‌లో మారాలి. అటు 305, ఇటు 360, మొత్తం 665 కిలోమీటర్లు. ఇంటి నుంచి రెండు గంటల ముందు బయల్దేరడం, శంషాబాద్‌లో ఎదురుచూపు, మధురపూడి నుంచి ఊళ్లోకి ముప్పావుగంట, ఇవన్నీ వేసుకో. ఎనిమిది గంటలకి తక్కువ కాదు. పైగా కడప సర్వీసులు అన్నీ రోజూ ఉండవు, ముందు ఆ వారం ఏయే రోజులున్నాయో చూసుకో.

రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో తీసుకో. చవకని నేను ఒకసారి విడివిడిగా కొన్నాను. మొదటిది గంటన్నర లేటు. రెండోది నా కళ్లముందే వెళ్లిపోయింది, డబ్బు కూడా పోయింది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఐదు గంటలు కూర్చున్నాను. మీ ఇంటికి చేరేసరికి పూతరేకులు కాస్తా పొడి అయ్యాయి, మీ అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

ఏటీఆర్‌లో పైన సామాన్ల అర చిన్నది, ట్రాలీ బ్యాగ్ పట్టదు. ఎక్కేది వెనక తలుపు నుంచి, కాబట్టి వెనక సీటు తీసుకుంటే అందరికన్నా ముందే దిగొచ్చు. ఫ్యాన్ల పక్క సీట్లలో మోత ఎక్కువ.

నన్నడిగితే వచ్చేటప్పుడు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కు. కడపలోనే ఎక్కొచ్చు, సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున రాజమండ్రి. కాదూ, ఫ్లైటే అంటావా, పెళ్లికి ముందు రోజే వచ్చెయ్. వెళ్లేటప్పుడు తొందర లేదు కదా, అప్పుడు హాయిగా ఎగురు.

అన్నట్టు, మీ అత్తయ్య ఆవకాయ కడుతోంది. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు, చెక్-ఇన్ పెట్టెలో చోటు ఉంచు. టికెట్ తీశాక ఫోన్ చెయ్యి, కారు పంపుతాను.

మీ మామయ్య