ఫ్యూజన్ పేరున్న సీటుకు అడ్వాన్సు కట్టాలా?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. స్టీల్‌ప్లాంట్‌ మెయింటెనెన్స్‌లో పని చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. యూట్యూబ్‌లో న్యూక్లియర్ ఫ్యూజన్ వీడియోలు చూసి అదే చదువుతానని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఏజెంటు 'ఫ్యూజన్ ఎనర్జీ స్పెషలైజేషన్'తో బీటెక్ సీటు ఉందని, ఇప్పుడే అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ అని చెబుతున్నాడు. కంప్యూటర్ సైన్స్ తీసుకోమని నా మాట. రెండింటినీ పోల్చి చెప్పండి. తను చదువు ముగించేసరికి ఫ్యూజన్ కరెంటు వస్తుందా? రాకపోతే పిల్ల గతేంటి? రేడియేషన్ అంటే వాళ్లమ్మకు భయం. గుజరాత్‌లోని గాంధీనగర్ దాకా వెళ్లాలంటున్నారు, అదీ దిగులే.

జవాబు: ముందు ఆ అడ్వాన్సు కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

పోల్చమని అడిగారు గానీ, మీ ఉత్తరం బరువంతా 'రాకపోతే పిల్ల గతేంటి' అన్న ముక్క మీదే ఉంది. కాబట్టి దానికే ముందు జవాబు చెబుతాను. ఫ్యూజన్ అంటే తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం. ఆ కరెంటు మీ ఇంటి మీటరు దాకా రావడం వేరు, ఫ్యూజన్ పరిశోధనలో ఉద్యోగాలుండటం వేరు. గాంధీనగర్ దగ్గర భాట్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో ఆదిత్య అనే టోకమాక్, అంటే ప్లాస్మాను (అయాన్లుగా విడిపోయిన వేడి వాయువును) అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం, 1989 నుంచి నడుస్తోంది. అప్పట్నుంచి అక్కడ చేరినవాళ్లలో ఒక్కరి జీతమూ ఫ్యూజన్ కరెంటు అమ్మకం మీద రాలేదు. అయినా ఉద్యోగాలు నిలిచాయి.

ఇక కరెంటు ఎప్పుడొస్తుంది? 2022 డిసెంబరు 5న అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో ఒక ఇంధన గుళిక 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి తీసుకుని 3.15 మెగాజౌళ్లు తిరిగి ఇచ్చింది. గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ లేజర్లు అంతకుముందు కరెంటు లైన్ నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. ఈ అంకె వీడియోల్లో ఎక్కడో చివర ఉంటుంది, లేదా ఉండదు. ఇంగ్లండ్‌లోని జెట్ యంత్రం 2023లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్లు తీసి రికార్డు కొట్టింది. మన లెక్కలో అది 19 యూనిట్లు. అది కూడా వేడి రూపంలోనే, కరెంటు కాదు. ఫ్రాన్స్‌లో మన దేశమూ భాగస్వామిగా కడుతున్న ఈటర్, 50 మెగావాట్ల వేడి పెట్టి 500 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి తీయాలన్న లక్ష్యంతో ఉంది. దానికి టర్బైనే లేదు, అంటే కరెంటు తీయదు. 2024లో సవరించిన షెడ్యూలు ప్రకారం పరిశోధన 2034లో మొదలవుతుంది, అసలు ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియం (రెండూ బరువైన హైడ్రోజన్ రకాలే) వేసేది 2039లో. అప్పటికి మీ అమ్మాయికి ముప్పై దగ్గర పడతాయి.

'పదేళ్లలో గ్రిడ్‌కు ఇస్తాం' అనే కంపెనీల మాటలు నేను నమ్మను. వేడి పుట్టించడం కుదరదని కాదు, నా అనుమానమల్లా ట్రిటియం దగ్గర. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ శక్తిని ఏడాది పొడవునా తీయాలంటే సుమారు 55 కిలోల ట్రిటియం మండాలి. ప్రపంచంలో పౌర అవసరాలకు దొరికే నిల్వ కొన్ని పదుల కిలోలే. ట్రిటియం రేడియోధార్మికం కాబట్టి పన్నెండేళ్ల పైచిలుకులో అదీ సగమైపోతుంది. అందుకని ప్లాంటు తనకు కావలసిన ట్రిటియాన్ని తానే తయారు చేసుకోవాలి. రియాక్టర్ గోడలో లిథియం పెట్టి, ప్రతి చర్యలో వచ్చే ఒక్క న్యూట్రాన్‌తో కనీసం ఒక ట్రిటియం పుట్టించాలి. కొన్ని న్యూట్రాన్లు స్టీలులో పోతాయి, కొన్ని పైపుల కోసం వదిలిన సందుల్లోంచి జారిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి సీసమో బెరీలియమో కలిపి న్యూట్రాన్లను పెంచాలి. ఈ గోడను పూర్తి స్థాయిలో అమర్చి నడిపి చూపిన యంత్రం ఇంతవరకూ ఒక్కటీ లేదు. పైగా ఆ న్యూట్రాన్లు 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో తగిలి స్టీలును పెళుసుబారేలా చేస్తాయి. అంటే ఈ రంగంలో నిజంగా తెగని చిక్కుల్లో సగం మెటలర్జీ, కెమికల్, మెకానికల్ వాళ్లవి.

ఒక ఉదాహరణ చెబుతాను, మీకు బాగా అర్థమవుతుంది. ఈటర్‌లో అయస్కాంతాలు మైనస్ 269 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి. వాటికి వేడి తగలకుండా వెండిపూత పూసిన స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలు అడ్డుపెడతారు. ఆ పలకలకు సన్నని పైపులు వెల్డు చేసి, వాటిలో చల్లని హీలియం పంపుతారు. ఆ పైపుల్లో లీకు బయటపడింది. వెల్డింగు పక్కన ఇరుక్కున్న క్లోరిన్ అవశేషం నెమ్మదిగా స్టీలును తినేసి పగుళ్లు తెచ్చింది. స్టెయిన్‌లెస్‌కు క్లోరైడు పడదని మీ షాపులో ఏ వెల్డరును అడిగినా చెబుతాడు. ఫలితంగా మొత్తం 23 కిలోమీటర్ల పైపు మార్చాలని తేల్చారు. అప్పటికే గోతిలో దింపి కూర్చోబెట్టిన ఒక భారీ మాడ్యూలును 2023లో మళ్లీ పైకి లేపారు. అదే యంత్రానికి ముప్పై మీటర్ల ఎత్తు క్రయోస్టాట్‌ను, అంటే యంత్రాన్నంతా చుట్టి ఉండే వాక్యూమ్ పాత్రను, గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారు చేసింది. మీ అమ్మాయికి కావలసిన ఉద్యోగం ఇలాంటి చోట్ల ఉంటుంది. 'ఫ్యూజన్ ఇంజినీరు' అని బోర్డు కట్టుకుని మాత్రం ఉండదు.

ఇప్పుడు ఆ సీటు సంగతి. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ గానీ, ప్రభుత్వ రంగ సంస్థలు గానీ నోటిఫికేషన్‌లో అర్హమైన బ్రాంచీల జాబితా ఇస్తాయి: మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కెమికల్, మెటలర్జీ, ఇలా. సర్టిఫికెట్ మీద కొత్త పేరుంటే 'ఇది ఏ బ్రాంచికి సమానం' అన్న దగ్గరే దరఖాస్తు ఆగిపోయే ప్రమాదముంది. ఏజెంటును రెండే ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ మీద ఏ బ్రాంచి పేరు ముద్రిస్తారు? ల్యాబులో టర్బో వాక్యూమ్ పంపు, హీలియం లీక్ డిటెక్టర్, నడిచే ప్లాస్మా సెటప్ ఉన్నాయా? జవాబు బ్రోషర్‌లో కాదు, ల్యాబు తలుపు తీసి చూపించాలి.

కోపం తెచ్చుకోకండి. బేరింగు కొనడానికి మూడు కొటేషన్లు తెప్పించే మనిషి, నాలుగేళ్ల చదువుకు ఏజెంటు మాట ఒక్కటి విని అడ్వాన్సు దాకా వెళ్లారు. పిల్లతో మాత్రం 'ఫ్యూజన్‌లో నీకేం నచ్చింది?' అని ఒక్కసారీ అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కంప్యూటర్ సైన్స్ చదివితే ఉద్యోగం ఖాయమన్నది కూడా పక్కింటివాళ్ల నమ్మకమే, గ్యారంటీ కాదు. అలాగని అది శత్రువూ కాదు. ప్లాస్మాను మిల్లీసెకన్లలో అదుపు చేసే కంట్రోల్ సిస్టమ్, సిమ్యులేషన్, డేటా సేకరణ అన్నీ కోడు రాసేవాళ్ల పనే. తనకు ఇష్టమైతే కంప్యూటర్ సైన్స్ నుంచీ ఇటు రావచ్చు. మీ ఇద్దరి గొడవ మీరనుకున్నంత పెద్దది కాదు.

దారులు రెండు. ఇంజినీరింగ్ వైపైతే మంచి కాలేజీలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, మెటలర్జీల్లో ఒకటి చదివి, గేట్ రాసి బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కో ఎంటెక్‌కో వెళ్లాలి. ట్రైనింగ్ ముగిశాక సైంటిఫిక్ ఆఫీసరుగా మూల వేతనం 56,100తో మొదలవుతుంది, అలవెన్సులు అదనం. ఫిజిక్స్ వైపైతే ఎమ్మెస్సీ, తర్వాత జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ. మొదటి రెండేళ్లు ఫెలోషిప్ నెలకు 37,000, దానిపై ఇంటద్దె భత్యం. ఈ దారి పొడవు, ఓపిక కావాలి. ఏ దారైనా చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ప్లాస్మా ఇన్‌స్టిట్యూట్ వేసవి కార్యక్రమానికి దరఖాస్తు పెట్టించండి. నచ్చకపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఫ్యూజన్ ఆలస్యమైనా ఈ చదువులకు విశాఖలోనే పని ఉంది. అచ్యుతాపురంలో బార్క్ ఉంది. బీహెచ్‌పీవీ, ఇప్పుడు భెల్‌లో భాగం, ప్రెషర్ వెసల్స్ చేస్తుంది. నేవీ ల్యాబు ఉంది, షిప్‌యార్డు ఉంది, మీ ప్లాంటే ఉంది.

రేడియేషన్ గురించి వాళ్లమ్మకు ఇలా చెప్పండి. మన టోకమాక్‌లలో ట్రిటియం వాడరు. షాట్, అంటే ఒక్కో ప్లాస్మా ప్రయోగం, నడిచేటప్పుడు హాల్లో మనుషులుండరు. ఎక్కడ రేడియేషన్ పని చేసినా బ్యాడ్జి కొలత ఉంటుంది, పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. గాంధీనగర్ ప్రయాణం ఈ ఏడాది కాదు, అప్పటికి తను ఇరవై దాటిన మనిషి.

ఈ వేసవిలో తనకు ఒక పని ఇవ్వండి. 5 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటీరియం అయాన్ ఎంత వ్యాసార్ధంతో తిరుగుతుందో కాగితం మీద కట్టమనండి. వేగం క్షేత్రానికి అడ్డంగా ఉందనుకుంటే సుమారు 4 మిల్లీమీటర్లు రావాలి. తర్వాత అదే కదలికను పైథాన్‌లో గీయమనండి. చిన్న చిన్న కాలపు అడుగులతో సూటిగా కూడుకుంటూ పోతే వృత్తం ప్రతి చుట్టుకూ కొద్దికొద్దిగా పెద్దదవుతుంది, అయాన్‌కు లేని శక్తి వచ్చి చేరుతుంది. తప్పు ఫిజిక్స్‌లో లేదు, లెక్క కట్టిన పద్ధతిలో ఉంది. ఎందుకలా అయిందో రెండు రోజులు విసుక్కోకుండా వెతికిందంటే ఫిజిక్స్ దారి గురించి మాట్లాడదాం. మొదటి గంటలోనే మూసేసి మళ్లీ వీడియో పెట్టుకుంటే, దాన్నీ తిట్టకుండా నాకు రాయండి, ఎలక్ట్రికల్‌కు మంచి కాలేజీలు చూద్దాం.