సెల్లార్ జాలీలోంచి మురుగు ఎదురొస్తోందా? వాల్వ్ కొనేముందు ఇవి చూసుకోండి

మాస్టారూ, మీరడిగింది ఇదీ కదా: విజయనగరంలో కొంచెం పల్లంలో ఉన్న వీధి, ఇంటి కింద సెల్లార్, వాన గట్టిగా దంచితే సెల్లార్ మూలనున్న జాలీలోంచి మురుగు పైకి తన్నుకొచ్చేస్తోంది, ప్లంబరేమో నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళని ఒక వైపే పోనిచ్చేది) పెట్టీమంటున్నాడు, మేస్త్రీయేమో ఆ జాలీనే సిమెంటుతో మూసీమంటున్నాడు, ఎవరి మాట వినాలి అని. ఇప్పుడే ఎవరి మాటా వినకండి. ముందు ఆ వచ్చే నీళ్ళు ఎవరివో తేల్చుకోండి, రోడ్డువా మీవా అని.

మాది శ్రీకాకుళం, పాలకొండ రోడ్డుకి లోపలి వీధి. కింద సెల్లార్లో సగం బళ్ళు పెట్టుకోడానికి, మిగతా సగం ఒక బట్టల వ్యాపారికి గోడౌనుకిచ్చేం, ఆయన పొందూరు ఖద్దరు తానులు కట్టలు కట్టి పెడతారు, అంచేత మాకు సెల్లార్లోకి చెంబుడు మురుగొచ్చినా గొడవే. మా సెల్లార్లో రెండు రకాలూ చూసేం. ఎండ కాస్తుంటే, పై వాటాలో వాషింగ్ మెషీను నీళ్ళు వదిలినప్పుడు జాలీ దగ్గర సబ్బు నురగ, వంటింటి మెతుకులు పైకి తేలేవి. అది మా నీళ్ళే, మా పైపులోనే ఎక్కడో అడ్డం పడింది, దానికి రోడ్డుతో ఏం పని లేదు. వానాకాలంలో వచ్చింది వేరే సరుకు, నల్లటి బురద, గుట్కా కవర్లు, కిరోసిన్ వాసన. అది వీధిది. మొదటి రకానికి మీరు ఎంత మంచి వాల్వ్ పెట్టినా దండగే, పైగా ఇంకా పాడవుతుంది.

తేల్చుకోడం కష్టం కాదు. నీళ్ళొచ్చినప్పుడు గేటు దగ్గరున్న ఆఖరి ఛాంబరు మూత తీసి చూడండి. ఛాంబరు ఖాళీగా ఉండి లోపల జాలీ పొంగుతోందంటే అడ్డం ఆ రెండిటికీ మధ్యలో ఉంది. ఛాంబరు నిండా ఉండి బయట రోడ్డు కాలవ మాత్రం కిందకే ఉందంటే ఛాంబరుకీ కాలవకీ మధ్య పైపు పూడుకుపోయింది, వెదురు బద్దలు వేయించి పూడిక తీయిస్తే అయిపోతుంది. ఛాంబరూ నిండి, కాలవా నిండి ఉంటే అప్పుడు నిజంగా రోడ్డు నీళ్ళు ఎదురొస్తున్నట్టు. ఈ మూడోదైతేనే మిగతాది చదవండి.

ఇంక మట్టం సంగతి. ఇందులో మాయేమీ లేదండి, వీధిలో లైను గానీ కాలవ గానీ నిండిపోతే నీళ్ళు మీ ఇంటి దగ్గర మ్యాన్‌హోల్ మూత దాకా లేకపోతే కాలవ గట్టు దాకా లేస్తాయి, ఆ మట్టానికి కింద మీ ఇంట్లో ఎక్కడ కన్నం ఉంటే అక్కడినుంచి బయటికొస్తాయి, అన్నిటికన్నా కిందనున్న కన్నం ముందు. సెల్లార్ జాలీ ఎప్పుడూ ఓడిపోయేది అందుకే. మేస్త్రీల దగ్గర తెల్లటి నీళ్ళ ట్యూబు ఉంటుంది కదా, లెవెల్ చూసేది, దాని ఒక కొస కాలవ గట్టు మీద పట్టుకుని రెండో కొస సెల్లార్లోకి దించి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టించండి. మా సెల్లార్లో ఆ గీత నడుం దాటి వచ్చింది. మా ఇల్లు కట్టినప్పుడు గుమ్మానికి రోడ్డు మీంచి మూడు మెట్లుండేవి, రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేరు, పాతది గీకకుండానే, ఇప్పుడు ఒక్క మెట్టు మిగిలింది. అంటే ఆ గీత ఏటేటా పైకే పోతుంది, కిందకి రాదు. మీరు ఏం కట్టించినా ఇంకో అడుగు కలుపుకుని కట్టించండి.

మా వైపు ఇంకో తిరకాసు కూడా ఉంది. మా వీధి కాలవ చివరికి నాగావళిలో కలుస్తుంది, ఏరు నిండుగా పోతుంటే కాలవలో నీళ్ళు దిగవు. నాగావళి పుట్టేది ఒడిశాలో కదా, అక్కడ వానలు పడి తోటపల్లి బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలితే ఇక్కడ మబ్బు లేకపోయినా కాలవ బరువెక్కుతుంది. మీకు ఏరు లేదు గానీ వీధి కాలవ చివర ఏ చెరువులోనో గెడ్డలోనో కలుస్తుంది కదా, అది నిండితే మీకూ అదే కథ, ఆ కాలవ ఎక్కడికి పోతోందో ఓసారి నడిచి చూడండి.

సరే, మేస్త్రీ చెప్పిన సిమెంటు. మూసీవచ్చు, కానీ సెల్లార్ కడిగిన నీళ్ళు, ర్యాంపు మీంచి దిగే వాన నీళ్ళు ఎక్కడికి పోవాలి? అదీకాక సెల్లార్లో వాచ్‌మన్‌కి లెట్రిన్ ఉందంటే జాలీ మూసిన మరుక్షణం నీళ్ళు ఆ బేసిన్లోంచి వస్తాయి, అది ఇంకా ఘోరం. చాలామంది జాలీ మీద రేకు వేసి ఇసక మూటలు పెడతారు. లెక్క చూడండి, మూడడుగుల ఎత్తు నీళ్ళుంటే నాలుగంగుళాల పైపు కన్నం మీద పడే తోపు ఏడెనిమిది కేజీలే, కానీ మీరు అడుగు చదరం జాలీ మొత్తం మీద రేకు వేసేరంటే అదే నీళ్ళు ఆ రేకుని ఎనభై కేజీల దాకా పైకి తోస్తాయి, మూటలు పక్కకి జరిగి అంచుల్లోంచి కారడం మొదలెడుతుంది. అందుకని ఆపాలంటే పైన కాదు, పైపు మూతి దగ్గరే ఆపాలి.

అర్జెంటుకి పనికొచ్చేది ఒకటుంది. రబ్బరు ప్లగ్గు దొరుకుతుంది, మధ్యలో బోల్టు తిప్పితే రబ్బరు ఉబ్బి పైపు గోడకి పట్టుకుంటుంది. దాన్ని జాలీ కింద పైపు మూతిలో బిగించాలి. కన్నం ఉన్న ప్లగ్గు దొరికితే ఇంకా నయం, దానికి నిలువుగా పీవీసీ ముక్క తగిలించి గోడ మీద మీ గీత కన్నా ఎత్తుకి లేపండి. నీళ్ళు ఆ గొట్టంలోనే లేచి, వీధి మట్టం దగ్గర ఆగిపోతాయి. వాన తగ్గేక అవే దిగిపోతాయి. మా ఇంట్లో వాల్వ్ పెట్టేదాకా ఒక వానాకాలం ఈ గొట్టంతోనే గడిపేం, చూడ్డానికి వికారంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. పాత సిమెంటు గొట్టాలు, జాయింట్లు వదులైన లైన్లు ఉన్న ఇళ్ళలో మాత్రం జాగ్రత్త, నీళ్ళు గొట్టంలో ఆగినా ఫ్లోరింగ్ కింద జాయింటులోంచి చెమ్మ కడతాయి. జాలీ కింద నాని ట్రాప్ (నీళ్ళు నిలిచే వంపు) ఉంది కదా, అది మురుగుని ఆపదా అని మా ఎదురింటాయన అడిగేరు, ఆపదు, ట్రాప్‌లో రెండంగుళాల నీళ్ళు నిలిచేది వాసన రాకుండా, అంతే. ఎండాకాలం అవి ఎండిపోతే కంపు కొడుతుంది, ఓ చెంబు నీళ్ళు పోస్తే చాలు.

ఇప్పుడు వాల్వ్. మా ప్లంబరు మొదట తెచ్చింది మోటారు లైనుకి వేసే ఇత్తడి స్ప్రింగు వాల్వ్. అది మంచినీళ్ళకి, మురుగుకి కాదు. వెంట్రుకలు, పీచు స్ప్రింగులో చుట్టుకుని ఎప్పుడూ సగం తెరుచుకునే ఉంటుంది. మురుగుకి కావల్సింది పైనుంచి వేలాడే రెప్ప ఉన్నది, బ్యాక్ వాటర్ వాల్వ్ అంటారు, పీవీసీలో వస్తుంది, పైన మూత విప్పి చేయి పెట్టి శుభ్రం చేసుకోడానికి వీలుండాలి. లోపలినుంచి నీళ్ళు పోతే రెప్ప లేస్తుంది, బయటనుంచి వస్తే మూసుకుంటుంది. పోత ఇనపవి కూడా ఉంటాయి, మన సముద్రం గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, పీవీసీయే తీసుకోండి. బాణం గుర్తు రోడ్డు వైపు ఉండాలి, ఇది చెప్పాలా అనుకోకండి, దగ్గరుండి చూడండి. దాన్ని మట్టిలో కప్పీకుండా ఇటికలతో చిన్న ఛాంబరు కట్టించండి, మూత తీస్తే వాల్వ్ కనపడాలి.

అసలు కిటుకు ఎక్కడుందంటే, రెప్ప మూసుకుంటే బయట నీళ్ళు లోపలికి రావు, లోపలి నీళ్ళు బయటికీ పోవు. మీ పై రెండు వాటాల బాత్రూముల నీళ్ళు కూడా అదే పైపులోంచి పోతుంటే, వానలో రెప్ప మూసుకున్నాక పైన ఎవరు స్నానం చేసినా ఆ నీళ్ళు మీ సెల్లార్లోకే దిగుతాయి. రోడ్డు మురుగు ఆపి సొంత మురుగుతో నింపుకున్నట్టు. అందుకని ముందు లైన్లు విడదీయించండి. మా ఇంట్లో పై వాటాల పైపుని గోడ బయటనుంచి దింపి తిన్నగా గేటు దగ్గర ఆఖరి ఛాంబరులో కలిపేం, సెల్లార్ పైపు ఒక్కటే వాల్వ్ గుండా వచ్చి తరవాత అదే ఛాంబరులో కలుస్తుంది. పై వాటాల నీళ్ళకి ఎత్తు ఉంటుంది కాబట్టి కాలవ నిండినా అవి తోసుకుని పోతాయి. ఆ ఛాంబరు మూత కూడా రోడ్డు మట్టం కన్నా పైకి ఉండేలా ఇటికలతో లేపించండి, లేకపోతే సెల్లార్లో రానివి పెరట్లో పొంగుతాయి. నన్నడిగితే డబ్బు ముందు ఈ విడదీసే పనికి ఖర్చుపెట్టండి, వాల్వ్ ధరెంత, తవ్వుడు కూలీయే అసలు ఖర్చు.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లైతే, ట్యాంకు నుంచి కాలవలోకి పోయే పైపు మీద వాల్వ్ పెట్టించండి, కాలవ నీళ్ళు ట్యాంకులోకి దూరితే అది నిండి బేసిన్లోకి తన్నుతుంది. ఆ పైపులో వచ్చేది పల్చటి నీళ్ళే కాబట్టి రెప్పకి చెత్త పట్టడం కూడా తక్కువ. ట్యాంకులోకీ మ్యాన్‌హోల్‌లోకీ మనిషిని మాత్రం దించకండి, లోపలి గ్యాసుకి దిగినవాడు దిగినట్టే పడిపోతాడు, వాణ్ణి లాగబోయి ఇంకొకడు. 2013లో చట్టం కూడా వచ్చింది, మనుషులచేత రక్షణ ఏర్పాట్లు లేకుండా శుభ్రం చేయించడం నేరం. మున్సిపాలిటీ బండి పిలిపించండి.

సెల్లార్లో లెట్రిన్ తప్పదు, రోజూ వాడతారు అంటే వాల్వ్ కన్నా పంపు మేలు. సెల్లార్ నీళ్ళన్నీ ఒక సంపులోకి మళ్ళించి, మురుగు పంపు పెట్టి, దాని పైపుని గోడ మీద రోడ్డు మట్టం కన్నా పైకి ఎక్కించి, అక్కడినుంచి వంపు తిప్పి ఛాంబరులోకి దించాలి. పైపు మెడ అంత ఎత్తులో ఉంటే కాలవ నిండినా నీళ్ళు తేలిగ్గా వెనక్కి రావు. కానీ మన జిల్లాల్లో వానొస్తే ముందు పోయేది కరెంటు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, రోజుల తరబడి చీకటే. 2021లో గులాబ్ కూడా కళింగపట్నం పక్కనే తీరం దాటింది. కాబట్టి పంపు పెడితే దానికి ఇన్వర్టరో జనరేటరో తోడుండాలి, సంపు ఓ పూట నీళ్ళు పట్టేంత ఉండాలి, ఫ్లోట్ స్విచ్ (నీళ్ళు లేస్తే పంపుని ఆన్ చేసేది) పైకెత్తి పంపు నడుస్తోందో లేదో వానలకి ముందే చూడాలి.

మాకు లెట్రిన్ లేదు, జాలీ ఒక్కటే, అందుకని వాల్వ్‌తో సరిపెట్టుకున్నాం. దాని చాకిరీ చెప్తాను. వినాయక చవితి వెళ్ళేక, అక్టోబరు తుపాన్లు రాకముందు మూత విప్పి రెప్పని వేలితో లేపి వదలాలి, టప్పుమని పడి కూర్చోవాలి. మొన్న విప్పితే రెప్ప అంచుకి షాంపూ ప్యాకెట్ ముక్క ఒకటి అతుక్కుని ఉంది, గోరంత ముక్క, కానీ ఆ సందులోంచి రాత్రంతా కారితే చాలు సెల్లార్ చెరువవుతుంది. పాత టూత్ బ్రష్షుతో రుద్ది, రబ్బరు చిట్లిందేమో వెలుతురులో చూసి మళ్ళీ బిగించీడమే.

ఎన్ని చేసినా నీళ్ళు వచ్చీ రోజు వస్తే, దిగేముందు కరెంటు ఆపండి. చాలా ఇళ్ళలో మీటరు బోర్డు సెల్లార్లోనే, మోకాలెత్తులో ఉంటుంది, దాన్ని మీ గోడ గీత కన్నా పైకి మార్పించడం వాల్వ్ కన్నా ముందు పని. మెయిన్ బోర్డు తడిలో ఉంటే మీరు ముట్టుకోకండి, లైన్‌మన్‌ని పిలిచి పోలు దగ్గర తీయించండి. నీళ్ళు దిగేక ముందు బురద ఎత్తి, కడిగి, ఆ తరవాతే బ్లీచింగ్ చల్లండి, బురద మీద చల్లితే బురదకే చాలదు. బ్లీచింగ్ మీద బాత్రూం యాసిడ్ పోసేవాళ్ళున్నారు, వద్దండి, ఆ గ్యాసు ఊపిరి పట్టేస్తుంది, సెల్లార్లో అయితే మరీను. కాళ్ళకి పుళ్ళుంటే గమ్‌బూట్లు లేకుండా దిగొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టో జ్వరం వస్తుంది.

గోడౌనాయన ఇప్పుడు తానుల్ని నేల మీద పెట్టడం మానేసి సిమెంటు దిమ్మల మీద బల్లలు వేసుకున్నారు, మీ వాళ్ళకీ చెప్పండి. షాపులో వాల్వ్ కొన్నప్పుడే దాని రబ్బరు వాషరు ఇంకోటి అడిగి తీసుకోండి, రెండేళ్ళు పోయేక వెళితే ఆ మోడలే లేదు కొత్త వాల్వ్ కొనండి అంటారు.