రేడాన్ 7.1 వచ్చిందని ఇల్లు వదులుకోవద్దు

పెన్సిల్వేనియాలో మీరు కొనబోతున్న ఇంటి తనిఖీలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు లీటరు గాలికి 7.1 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలత) వచ్చిందని, పక్కింటివారేమో తమకెప్పుడూ ఏమీ కాలేదంటున్నారని, బేరం మానుకోవాలా అని అడిగారు. ఇల్లు నచ్చితే మానుకోకండి. పక్కింటివారి మాట మాత్రం నమ్ముకోకండి. ఆనుకుని ఉన్న రెండు ఇళ్లలో కూడా రేడాన్ ఒకేలా ఉండదు. 1984లో మీ రాష్ట్రంలోనే, లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు ఒంటిమీద రేడియేషన్ ఉందని అక్కడి అలారం మోగింది. ఆరా తీస్తే అది ఆయన ఇంటి నుంచే వచ్చిందని తేలింది. ఆ ఇంట్లో రేడాన్ లీటరు గాలికి 2,700 పికోక్యూరీల దాకా ఉంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 4 లేదా అంతకు మించి ఉంటే సరిచేయించమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు ఇంకా తక్కువ, దాదాపు 2.7.

మేము ఒహాయోలో ఇల్లు కొన్నప్పుడు తొందరలో ఈ పరీక్ష చేయించలేదు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చి ఆరు నెలలు బేస్‌మెంట్ గదిలోనే పడుకున్నారు. వాళ్లు వెళ్లాక పరీక్షిస్తే 9.4! పొగతాగని వారికి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అమెరికాలో రేడానే మొదటి కారణమని చదివినప్పుడు, జీవితంలో బీడీ ముట్టని నాన్న గుర్తొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మట్టిలోని యురేనియం క్రమంగా క్షీణిస్తూ రేడియంగా, అది రేడాన్‌గా మారుతుంది. చలికాలంలో ఇంట్లోని వేడిగాలి పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి ఇల్లు నేలలోని వాయువును పగుళ్ల గుండా లాక్కుంటుంది. అందుకే కిటికీలు తెరిస్తే తెరిచినంతసేపే ఉపయోగం. పగుళ్లు పూడ్చడం మంచిదే గానీ అదొక్కటే చాలదు. అసలు మందు నేల కిందే ఉంది. కాంక్రీటుకు రంధ్రం చేసి, పీవీసీ పైపు దింపి, కింది గాలిని ఫ్యానుతో పీల్చి ఇంటికప్పు పైన వదిలేయాలి. ఫ్యాను అటకమీదో ఇంటి బయటో ఉండాలి, బేస్‌మెంట్‌లో వద్దు. పైపు లీకైతే ఆ వాయువు ఇంట్లోకే వస్తుంది.

మాకు 1,400 డాలర్లయింది. అయినా మళ్లీ పరీక్షిస్తే 4.6 వచ్చింది. బిగించినవారు నీళ్లు తోడే మోటారు గుంటను మూయకుండా వదిలేశారు. గాలి చొరబడని మూత వేయించాక 1.1కి దిగింది. కాబట్టి అమ్మేవారు తామే పెట్టిస్తామంటే సంతోషమే. కానీ రిజిస్ట్రేషన్‌కు ముందు మీ ఖర్చుతో మీరే మళ్లీ పరీక్ష చేయించండి. పరీక్షకు 12 గంటల ముందు నుంచి, అది ముగిసేదాకా కిటికీలన్నీ మూసే ఉంచాలి. ఈ పైపు, ఫ్యానుకు బదులు గాలి శుద్ధిచేసే యంత్రం కొనిస్తామంటే ఒప్పుకోకండి. తర్వాత కూడా రెండేళ్లకోసారి చూసుకోవాలి.

పైపు మీద యు ఆకారపు చిన్న గొట్టంలో రంగు ద్రవం ఉంటుంది. రెండు వైపులా మట్టం సమానంగా కనిపిస్తే ఫ్యాను పీల్చడం లేదని అర్థం. కిందటి అక్టోబరులో అమ్మానాన్నలు మళ్లీ వచ్చారు. ఉదయం కాఫీ తాగకముందే నాన్న వెళ్లి ఆ గొట్టం చూసి వస్తారు.