ప్రీమియం తగ్గుతుందన్న హామీ, మీకు వచ్చిన పెంపు నోటీసు

అమెరికా ఆరోగ్య బీమా సంస్కరణ వస్తే సాధారణ కుటుంబానికి ఏడాదికి 2,500 డాలర్లు ఆదా అవుతాయని 2008 ప్రచారంలో ఒబామా చెప్పగా, మార్కెట్‌ప్లేస్‌లో (ఆ చట్టం కింద బీమా ప్లాన్‌లు అమ్మే వేదికలో) కొన్న మీ సిల్వర్ (మధ్య స్థాయి) ప్లాన్ ప్రీమియం మాత్రం ఎందుకు పెరిగిందని అడిగారు. ఆ అంకె మీరు కట్టే బిల్లులో కోత కాదు. ఖర్చులు అప్పటి వేగంతోనే పెరిగితే అయ్యే మొత్తంతో పోల్చి వేసిన అంచనా, పైగా యజమానులకూ ప్రభుత్వానికీ మిగిలేది కూడా అందులోనే కలిసి ఉంది. వేదికల మీద ఈ వివరణ వినిపించలేదు కనుక మీ అసంతృప్తి న్యాయమైనదే.

అయితే మీ నోటీసుకు అసలు కారణం వేరే అయి ఉండవచ్చు. ఆ సంస్కరణను తెచ్చిన 2010 చట్టం ప్రకారం ప్రీమియం పన్ను రాయితీని మీ ప్రాంతంలోని రెండవ అతి చవక సిల్వర్ ప్లాన్ ధరను బట్టి లెక్కిస్తారు కాబట్టి, కొత్త కంపెనీ చవక ప్లాన్‌తో ప్రవేశించి ఆ ధర తగ్గినప్పుడు, మీ ప్లాన్ ధర మారకపోయినా రాయితీ తగ్గి, మీరు చేతి నుండి కట్టేది పెరుగుతుంది. దానికి తోడు, 2021లో పెంచిన అదనపు రాయితీలను 2025 చివరి వరకే పొడిగించారు.

అందువల్ల ప్లాన్‌ను దానంతట అదే కొనసాగనివ్వకండి. నవంబరు 1న నమోదు మొదలవగానే వచ్చే ఏడాది ఆదాయ అంచనాను సరిచేసి, అన్ని ప్లాన్‌లనూ రాయితీ పోగా మిగిలే ధరతో పోల్చండి. ఆదాయం పేదరిక రేఖకు 250 శాతం లోపు ఉంటే, ప్రీమియం తక్కువని దిగువ స్థాయి బ్రాంజ్ ప్లాన్‌కు మారవద్దు; డిడక్టిబుల్‌ను (బీమా చెల్లించడం మొదలయ్యేలోపు మీరే భరించాల్సిన మొత్తాన్ని) తగ్గించే సాయం సాధారణంగా సిల్వర్ ప్లాన్‌లకే వర్తిస్తుంది.