జులైలో తిరమిసు చేస్తున్నావని తెలిసి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పట్టా పుచ్చుకునే రోజున కేకు కొనడం లేదట, ఇరవై మందికి నువ్వే తిరమిసు, కాఫీలో ముంచిన బిస్కెట్లు, క్రీమ్ పొరలుగా పేర్చే ఆ ఇటలీ మిఠాయి, చేసి పెడతావట. ఇక్కడున్నప్పుడు పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేయడం కూడా తెలియని పిల్లాడివి నువ్వు. ఇటలీలో ఆ పాదోవా ఊరి వీధుల్లో తల మీద లారెల్ ఆకుల కిరీటంతో నువ్వు నిలబడటం, నీ చుట్టూ అందరూ చేరి "దొత్తోరే, దొత్తోరే" అని, పట్టా అందుకున్నవాణ్ణి అక్కడ పిలిచే పేరుతో పాడటం, ఆ పాట అయ్యాక నీ చేత్తో చేసింది అందరూ తినడం, ఇదంతా కళ్లముందు కనబడి నాకు కాసేపు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే మీ అమ్మ "జులైలో" అంది, అక్కడ అది మండుటెండల నెల.

కొలతలు రాసుకో. నీకు గంట దూరం కూడా లేని త్రెవీజోలో లె బెక్కెరియె అనే రెస్టారెంట్ ఉంది, 1970ల మొదట్లో దీన్ని మెనూలో పెట్టి పేరు తెచ్చింది వాళ్లే. వాళ్ల పద్ధతిలో 12 పచ్చసొనలు, అర కిలో పంచదార, కిలో మస్కర్పోనె (మీగడతో చేసే మెత్తటి చీజ్), 60 సవోయార్ది బిస్కెట్లు (వేలంత పొడుగ్గా ఉండే గుల్ల బిస్కెట్లు), చక్కెర లేని కాఫీ, పైన కోకో పొడి. అంతే. తెల్లసొన లేదు, మద్యం లేదు. నేను పంచదార 350 గ్రాములకి తగ్గిస్తాను, అర కిలో మన నోటికి కూడా ఎక్కువే. పక్కనున్న ఫ్రియూలి ప్రాంతం వాళ్లు ఇది ముందు మాదే అంటారు, 2017లో సంప్రదాయ వంటకాల ప్రభుత్వ జాబితాలో వాళ్ల ప్రాంతం పేరే ఎక్కింది. త్రెవీజో స్నేహితులుంటే వాళ్ల ముందు ఆ మాట ఎత్తకు.

నాకు ఇది నేర్పింది ఇటలీలో ఉన్నప్పుడు మా కింది వాటాలో ఉండే నోన్నా, అంటే అక్కడి మాటలో అమ్మమ్మ. మీ మావయ్య జ్వరంపడి లేచినప్పుడు ఆవిడ ఒక గ్లాసులో పచ్చసొన, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి తెచ్చింది. స్బతుదీన్ అంటారు, నీరసపడ్డవాళ్లకి, పిల్లలకి పెట్టేవాళ్లు. తిరమిసు అంటే "నన్ను పైకి లేపు" అని. ఆ గ్లాసు చూశాకే ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసింది.

ఇప్పుడు మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి చెప్తాను.

2003 ఆగస్టు. ఆ ఏడు యూరప్ మొత్తం ఎండకి మాడిపోయింది, ముసలివాళ్లు ఎంతమందో పోయారు. బొలోనియాలో మన తెలుగువాళ్ల ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు. నేను తిరమిసు తెస్తానని మాటిచ్చాను. ముందురోజు పొద్దున్నే మస్కర్పోనె కొని, అది సంచిలోనే ఉండగా బజారంతా తిరిగి, పిల్లాడికి బొమ్మ కొని, చొక్కా కొని, రెండు గంటల తర్వాత ఇల్లు చేరాను. పచ్చసొన పచ్చిదే వాడాను, అందరూ అలాగే చేస్తారు కదా అని. మర్నాడు ట్రేకి తడిగుడ్డ చుట్టి రైలెక్కాను. పెట్టెలో ఫ్యాన్ గాలి కూడా లేదు. అక్కడికి వెళ్తే బంధువులెవరో ఆలస్యంగా వస్తున్నారని భోజనాలు మూడు గంటలు ఆగాయి, ట్రే బల్ల మీదే ఉంది, ఫ్రిజ్‌లో చోటు లేదన్నారు, నేనూ మొహమాటానికి ఊరుకున్నాను. అడిగి ఉంటే ఎవరైనా రెండు సీసాలు బయటపెట్టి చోటు చేసేవాళ్లు. ఆ ఒక్క మాట అడగలేదు చిన్నా.

రుచి బ్రహ్మాండంగా ఉందన్నారు. మర్నాటి రాత్రి ఫోన్ వచ్చింది. ఆరుగురికి వాంతులు, జ్వరం. పుట్టినరోజు పిల్లాడికి ఐదేళ్లు, మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. సాల్మొనెల్లా అన్నారు డాక్టర్లు, పచ్చి గుడ్డులో ఉండే క్రిమి. నేను వెళ్లి ఆ మంచం పక్కన నిలబడితే వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, మీరు తిన్నారా, మీకేం కాలేదు కదా" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మోస్తున్నాను. వాడికిప్పుడు పెళ్లి కూడా అయింది, నాకు మాత్రం ఆ ఐదేళ్ల చెయ్యి, దానికి కట్టిన సూది గుర్తొస్తాయి.

రెండేళ్లు దాని జోలికి పోలేదు. నోన్నానే నన్ను మళ్లీ వంటింట్లో నిలబెట్టింది. 1996లో ఇటలీ దక్షిణాన చెడిన మస్కర్పోనెతో ఎనిమిది మందికి బోటులిజం, అంటే పాడైన తిండిలో పుట్టే విషం వల్ల వచ్చే జబ్బు, వచ్చిందని, ఒకరు చనిపోయారని, వాళ్లలో కొందరు తిన్నది ఇంట్లో చేసిన తిరమిసునేనని అప్పుడే చెప్పింది. చల్లదనం మధ్యలో తెగిందంటే వాసన, రుచి నీకేమీ చెప్పవు.

అందుకని విను. మస్కర్పోనె అన్నిటికన్నా చివర కొను, కూలర్ బ్యాగ్‌లో ఐస్ ప్యాక్‌తో తిన్నగా ఇంటికి తెచ్చుకో. గుడ్డు మీద ముద్ర చూడు, మొదటి అంకె కోడిని ఎలా పెంచారో చెప్తుంది, నాకైతే తారీఖు ముఖ్యం. పచ్చసొన, పంచదార గిన్నెలో వేసి, కింద సన్నగా మరిగే నీటి మీద, గిన్నె అడుగు నీళ్లకి తగలకుండా పెట్టి ఆపకుండా గిలకొట్టు. థర్మామీటర్ 71 డిగ్రీలు చూపాలి. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చు, ఆపితే గుడ్డు పొరటు అయిపోతుంది. థర్మామీటర్ కొనడానికి డబ్బు వేస్తున్నాను, వద్దనకు.

పూర్తిగా చల్లారాకే మస్కర్పోనె కలుపు, వేడి మీద కలిపితే నీరుకారిపోతుంది, మరీ ఎక్కువ గిలకొట్టినా విరిగిపోతుంది. కాఫీ మోకాలో (స్టవ్ మీద పెట్టే ఇటలీ కాఫీ పాత్ర) చిక్కగా దించి చల్లార్చు. బిస్కెట్‌ని కాఫీలో ముంచి వెంటనే తీసెయ్యి, నాననిస్తే రేపటికి ముద్ద. ఒక వరస బిస్కెట్లు, ఒక వరస క్రీమ్, మళ్లీ అలాగే. రాత్రంతా ఫ్రిజ్‌లో. కోకో వడ్డించేముందే జల్లించు. నీ గదిలో గుడ్డు తినని అబ్బాయి ఉన్నాడట కదా, బిస్కెట్‌లో కూడా గుడ్డుంటుంది, వాడికి ముందే చెప్పి ఇంకేదైనా తెచ్చిపెట్టు, పాట పాడేటప్పుడు వాడొక్కడే ఖాళీ చేతులతో నిలబడకూడదు.

ఊరేగింపు ఎంత ఆలస్యమైనా ట్రే బయటికి తీయకు. అందరూ వచ్చి కూర్చున్నాకే తియ్యి, గంట తర్వాత మిగిలింది పారెయ్యి. బాధగానే ఉంటుంది, అయినా పారెయ్యి. తెల్లసొన మాత్రం పారేయకు, మర్నాడు అందరికీ ఆమ్లెట్ వెయ్యి.

మీ ఇంట్లో ఫ్రిజ్ నలుగురిదీ అని మీ అమ్మ అంది. ముందురోజు ఒక అర మొత్తం నీకు కావాలని వాళ్లకి ఇవాళే చెప్పు. మొహమాటపడకు నాన్నా, అడుగు.

మీ అత్త